చెయ్యెత్తిన రాస్ముస్

మా ఊళ్ళో రాస్ముస్ ఓవర్‌గార్డ్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. చెయ్యెత్తిన రాస్ముస్ ఇల్లేది అనండి, పాలు తెచ్చే పిల్ల కూడా వేలుపెట్టి చూపిస్తుంది. విల్లోబెంచ్‌లో సగానికి సగం మా డెన్మార్క్ వాళ్ళమే. పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ. అందుకని ఒక్కొక్కరికీ ఒక్కో తగిలింపు పేరు. మిగతావాళ్ళకు వాళ్ళ కుంటికాలి వల్లో, మెల్లకన్ను వల్లో వచ్చాయి. మా నాన్నకు మాత్రం ఒక ఆదివారం వల్ల వచ్చింది.

మొన్న వసంతంలో నాన్న పోయాడు. మీటింగు హాల్లో ఆయన గురించి మాట్లాడటానికి పక్క ఊరి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మనిషి మంచివాడే, గొంతూ బాగుంది. "మడ్డీ నదికి పిలుపు వచ్చిన నాడు బ్రదర్ ఓవర్‌గార్డ్ క్షణమైనా తటపటాయించకుండా, నిండు విశ్వాసంతో తన కుడిచెయ్యి పైకెత్తాడు" అన్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడబోయాను. పక్కనున్న అమ్మ మోచేత్తో డొక్కలో పొడిచింది. చావు మీటింగులో తగువెందుకని ఊరుకున్నాను.

కానీ అది శుద్ధ అబద్ధం. మా నాన్న నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు. ఆయన్ని అంత చక్కగా అబద్ధం చేసి మట్టి చెయ్యడం నాకు నచ్చలేదు. ఆయన ఉన్నవాడు ఉన్నట్టుగానే నాకు ముద్దు. అందుకే ఇది చెబుతున్నాను.

మా నాన్నది యూట్లండ్‌లో ఉత్తరపు కొస. వృత్తి చెక్కబూట్లు చెయ్యడం. పచ్చి చెక్క ముక్క చేతికిస్తే మీరు గుమ్మం దాటి వెళ్ళేలోగా మీ కాలికి సరిపోయే జత తయారు చేసేవాడు. అమ్మ పేరు బోడిల్. ఆమెది కలిగిన రైతు కుటుంబం. వాళ్ళింట్లో చెక్క పరిచిన నేల ఉండేది. శనివారం శనివారం తెల్లటి ఇసుక వేసి తోమి కడిగేవాళ్ళట. అలాంటి ఇంటి పిల్ల బూట్లు చేసేవాణ్ణి కట్టుకుంది. అది చాలదన్నట్టు ఆయనతో పాటు వెళ్ళి, మంచు గడ్డకట్టిన సముద్రపు పాయలో మునిగి మార్మన్ సంఘంలో బాప్తిస్మం తీసుకుంది. వాళ్ళ నాన్న ఆ రోజే గేటు మూసేశాడు.

"అంత చలిలో ఎందుకు మునిగావమ్మా?" అని నేనోసారి అడిగాను.

"మీ నాన్న మునిగి పైకి లేచాడు. పళ్ళు టకటకలాడుతుంటే నా వంక చూసి నవ్వాడు. సిగ్గులేని మనిషి, ఒక్కణ్ణే వెళ్ళనిస్తే దారి తప్పుతాడనిపించింది" అంది.

ఓడ, ఆ తర్వాత రైలు, అక్కణ్ణించి తోపుడుబండి. ఎద్దులబండి కొనలేని మాబోటి వాళ్ళందరికీ సంఘం వాళ్ళు ఆ తోపుడుబళ్ళే ఇచ్చారు. సామానంతా అందులో పెట్టి నాన్న ముందు లాగేవాడు, అమ్మ వెనక తోసేది. నాకు ఆరేళ్ళు, నడిచాను. చెల్లెలు డోర్తెకు ఏడాదిన్నర, సామాను మీద కూచునేది. పదిహేను వందల మైళ్ళు అవతల, సాల్ట్‌లేక్ దగ్గర సీయోను ఉంది, అక్కడ మనవాళ్ళంతా ఉన్నారు అనేవాళ్ళు. ప్లాట్ నది ఒడ్డున డోర్తెకు విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజు మధ్యాహ్నం పోయింది.

గొయ్యి తవ్వడానికి మా బళ్ళ గుంపును నడిపించే కెప్టెన్ పావుగంట ఇచ్చాడు. చుట్టూ ఎటు చూసినా గడ్డి తప్ప ఒక్క చెట్టు లేదు. అమ్మ పిల్లను బొంతలో చుట్టింది. "ఏమయ్యా, ఇన్నాళ్ళూ ఊరందరి కాళ్ళకీ చెక్క తొడిగావు. నా పిల్ల ఒంటిని కప్పడానికి ఒక్క చెక్క ముక్క లేదా?" అంది. గట్టిగా కూడా అనలేదు. నాన్న లేచి బండి దగ్గరకు వెళ్ళి పక్క చెక్కను రెండు చేతులతో పట్టుకుని ఊడబెరకబోయాడు. కెప్టెన్ పరుగెత్తుకొచ్చి మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు బ్రదర్. బండి పోతే ఉన్నవాళ్ళు కూడా పోతారు" అన్నాడు. అది నిజమే. నాన్న చెక్కను వదిలేశాడు. డోర్తె బొంతలోనే మట్టిలోకి వెళ్ళింది.

ఆ గొయ్యి పక్కనే నాన్న ఒక మాట ఇచ్చాడు. నేను చెవులారా విన్నాను. "బోడిల్, నీకు చెక్క నేల వేసిన ఇల్లు కట్టిస్తా. దానిమీద నీ కాలు పెట్టిన రోజు నుంచి నిన్నింక ఎక్కడికీ కదపను" అన్నాడు.

ఆ మాట నెరవేరడానికి పదకొండేళ్ళు పట్టింది. మొదట గట్టు వాలులో తవ్వుకున్న గుంతలో ఉన్నాం. వాన బయట ఒక్క రోజు కురిస్తే మా ఇంట్లో రెండు రోజులు కురిసేది. తమ్ముడు ఐవర్ అక్కడే పుట్టాడు. తర్వాత పచ్చి ఇటుకల గది, ఆ తర్వాత రాతి గోడలు. కింద మాత్రం ఎప్పుడూ మట్టే. నాన్న కొండ మీది కోతమిల్లు వాళ్ళందరికీ, వాళ్ళ భార్యాబిడ్డలకీ బూట్లు చేసిపెట్టి ఒక్కో చెక్క తెచ్చి అటక మీద ఆరబెట్టేవాడు. మా ఊరి సంఘం పెద్ద బిషప్ హార్లన్‌కు, అప్పటి మా ఆచారం ప్రకారం, ఇద్దరు భార్యలు. ఆయన ఓసారి నాన్నను పక్కకు పిలిచి, మీరు కూడా రెండో పెళ్ళి గురించి ఆలోచించకూడదా అన్నాడట. అమ్మ అటువైపుగా వస్తూ వినేసింది.

"చేసుకోమనండి బిషప్ గారూ, నాకేం అభ్యంతరం లేదు. మొదటిదానికి నేల వెయ్యడానికే పదేళ్ళు దాటాయి, ఇంకా వెయ్యలేదు. రెండోదాన్ని ఇప్పటి నుంచే ఓపిక పట్టమని చెప్పండి" అంది.

ఆ మాట మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అరవై ఎనిమిదో సంవత్సరం కోతలయ్యాక నేల పరిచాడు. పన్నెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఇరవై మూడు చెక్కలు. చిత్రిక పట్టి పట్టి అద్దంలా చేశాడు. అమ్మ మేజోళ్ళతో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. వెళ్ళి మేక పాలతో కాఫీ కాచి తెచ్చింది. కాఫీ తాగకూడదని పెద్దలు ఎంత చెప్పినా మా డెన్మార్క్ వాళ్ళ చెవికి ఆ ఒక్క మాటా ఎక్కేది కాదు.

ఆ రోజు నుంచి గుమ్మం దగ్గర బూట్లు విప్పనిదే ఎవరికీ ప్రవేశం లేదు. బిషప్ వచ్చినా అంతే. ఆయన మేజోడు చిరిగి బొటనవేలు బయటికి చూస్తుంటే, దాన్ని రెండో కాలి వెనక దాచుకుంటూ మా ఇంట్లో ప్రార్థన చేసి వెళ్ళాడు.

ఆ భోగం మూడు వారాలు.

నాలుగో ఆదివారం సాల్ట్‌లేక్ నుంచి పెద్దలొచ్చారు. ఆ రోజు తెల్లవారకముందే మా పొలానికి నీటి వంతు. వంతు తప్పితే మళ్ళీ పది రోజులదాకా చుక్క రాదు. నాన్న మోకాలి లోతు బోదెలో నిలబడి పార పట్టుకుని గట్లు వేసి, ఆ తడి ప్యాంటుతోనే మీటింగుకు వచ్చాడు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. నాన్న పక్కన కమ్మరి మోగెన్స్. సీయోనుకు వచ్చి పదకొండేళ్ళయినా నాన్న ఇంగ్లీషు పాదం కొలతల దగ్గరే ఆగిపోయింది. ఉపన్యాసం గంటన్నర సాగింది. పొయ్యి వెచ్చగా ఉంది. నాన్న తల ముందుకు వాలింది. కాసేపటికి సన్నగా గురక మొదలైంది. ఇటు ఆడవాళ్ళ వరసలో మేమంతా ముసిముసిగా నవ్వుతున్నాం. అమ్మ మాత్రం ముఖం కందగడ్డలా చేసుకుని కూచుంది.

అప్పుడు ఉపన్యాసం చెప్పిన పెద్దాయన కాగితం తీశాడు. మాలో పిలుపులు అలాగే వస్తాయి. ముందు ఎవరికీ చెప్పరు, ఎవరినీ అడగరు. పేర్లు చదువుతారు. ఫలానావాళ్ళు ఇల్లూ పొలమూ అమ్ముకుని ఫలానా చోటికి వెళ్ళి ఊరు కట్టాలి అంటారు. ఆమోదించేవాళ్ళు చేతులెత్తండి అంటారు. అందరూ ఎత్తుతారు. ఆ రోజు మడ్డీ నది అన్నారు. దక్షిణాన మూడొందల మైళ్ళు. ఇసుక, ఎండ, పత్తి పండించాలట. మా ఊరి నుంచి నాలుగు పేర్లు. రెండో పేరు రాస్ముస్ ఓవర్‌గార్డ్.

హాలంతా చేతులు లేచాయి. ఆ చప్పుడుకు నాన్న ఉలిక్కిపడి లేచాడు. చుట్టూ చూశాడు. అందరి చేతులూ పైన ఉన్నాయి. ఏదో మంచి విషయమే అయి ఉంటుందనుకున్నాడు. తన చెయ్యి అందరికంటే ఎత్తుగా ఎత్తి, అమ్మ ఎటుందో వెతికి, ఆమె వంక చూసి నవ్వాడు.

అమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

మోగెన్స్ నాన్న చెవిలో ఏదో చెప్పాడు. నాన్న చెయ్యి ఇంకా పైనే ఉంది. ముఖంలో నవ్వు మాత్రం కొంచెం కొంచెంగా పోయింది. పాపం, ఆ చేతిని ఎలా దించాలో తెలియని మనిషిలా అలాగే కూచుండిపోయాడు.

ఇంటికి వెళ్ళాక అమ్మ గుమ్మం దగ్గర బూట్లు విప్పి, లోపలికి వెళ్ళి, నేల మధ్యలో నిలబడి అప్పుడంది. "దేనికి ఎత్తావో తెలుసా?"

"తెలీదే. ఎత్తాక తెలిసింది."

"ప్లాట్ ఒడ్డున ఏమన్నావో గుర్తుందా?"

"ఉంది."

"ఆ మాట అన్నప్పుడు మెలకువగానే ఉన్నావా, లేక అప్పుడూ నిద్రేనా?"

నాన్న తల దించుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది రెండే సార్లు. అది మొదటిసారి.

సాయంత్రానికి బిషప్ హార్లన్ వచ్చాడు. ఈసారి కొత్త మేజోళ్ళు వేసుకొచ్చాడు. "బ్రదర్ రాస్ముస్, మీరు నిద్రలో ఉన్నారని హాలంతా చూసింది. వింది కూడా. నేను సాల్ట్‌లేక్‌కు ఒక ఉత్తరం రాస్తాను. మీ పేరు తీసేస్తారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు" అన్నాడు. నేను దాన్ని మా భాషలో చెప్పాను.

అమ్మ ముఖం వెలిగింది. నాన్న మాత్రం, "నా పేరు తీస్తే నా బదులు ఎవరు పోతారని అడుగమ్మడూ" అన్నాడు నాతో.

బిషప్ తటపటాయించాడు. "తర్వాతి పేరు మోగెన్స్‌ది" అన్నాడు.

మోగెన్స్ భార్యకు నెలలు నిండుతున్నాయి. అంతకు ముందు ఇద్దరు పురిట్లోనే పోయారు.

"నేను నిద్రపోయిన మాట నిజం బిషప్ గారూ. కానీ చెయ్యి లేచిందా లేదా? వాళ్ళందరూ నా పేరు విని ఎత్తారు, నేనూ ఎత్తాను. ఇప్పుడు దించితే మోగెన్స్ పెళ్ళాం మీద పడుతుంది" అన్నాడు నాన్న. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు రావద్దు బోడిల్. నీకిచ్చిన మాట నీది. నువ్వూ పిల్లలూ ఈ ఇంట్లో ఉండండి. నేను వెళ్ళి అక్కడ ఊరు నిలబడ్డాక వస్తాను."

"ఒక్కడివే వెళ్తావా? మీటింగులోనే మెలకువగా ఉండలేనివాడివి, ఎడారిలో ఉంటావా?" అంది అమ్మ. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. రై రొట్టె కోసి పళ్ళెంలో పెట్టేది, అంతే. ఐదో రోజు పొద్దున, నేల తోముతున్నది తోముతున్నట్టే ఆగి, "నేల వస్తే నేనొస్తా" అంది.

నాన్నకు అర్థం కాలేదు.

"చెక్క నేల మీద నా కాలు పెట్టిస్తానన్నావు. అక్కడ చెక్క లేదట. కాబట్టి ఇది వస్తుంది. అది ఎక్కడుంటే నా ఇల్లు అక్కడ. అప్పుడు నువ్వు నన్ను కదిపినట్టూ కాదు, మాట తప్పినట్టూ కాదు."

మా అమ్మ లాయరు కావలసిన మనిషి.

మర్నాడు నాన్న గునపం తెచ్చాడు. ఒక్కో చెక్క లేపి ఇస్తుంటే, మళ్ళీ అదే వరసలో పరచడానికి వీలుగా నేను అడుగువైపున సుద్దముక్కతో అంకె వేస్తున్నాను. పొయ్యి పక్కన ఉన్నది తొమ్మిదోది. తిరగేసేసరికి కింద కత్తితో చెక్కిన అక్షరాలు కనిపించాయి. డోర్తె అని ఉంది. నేను అమ్మను పిలిచాను. ఆమె వచ్చి వంగి, బొటనవేలితో ఒక్కో అక్షరాన్నీ తడిమింది.

"ఎప్పుడు చెక్కావు?"

"పరిచే ముందు రోజు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు దానిమీద కాలు పెట్టవు."

"పొయ్యి దగ్గరే ఎందుకేశావు?"

"వెచ్చగా ఉంటుందని."

అమ్మ గౌను అంచుతో ముఖం తుడుచుకుంది. ఆ చెక్కను బొంతలో చుట్టి బండిలో అన్నిటి మీదా తనే పెట్టింది.

ఊరు వదులుతుంటే జనం గుమ్మాల్లోకి వచ్చి నవ్వారు. "బ్రదర్ నోవహూ, ఓడ కట్టడానికా ఇన్ని చెక్కలు? అక్కడ వానే పడదటయ్యా!" అని ఒకాయన అరిచాడు. మోగెన్స్ మాత్రం నవ్వలేదు. ఊరి చివరిదాకా బండి పక్కనే నడిచొచ్చి, ఇరుసుకు ఒక కొత్త ఇనుప పట్టా బిగించి, వెనక్కి వెళ్ళిపోయాడు.

మడ్డీ నది గురించి ఏం చెప్పను. డెన్మార్క్ మంచులో పుట్టినవాళ్ళను తీసుకెళ్ళి పెనం మీద పెట్టారు. గాలి వస్తే ఇసుక, గాలి లేకపోతే దోమలు. పచ్చి ఇటుకల గదికి రెల్లు కప్పు వేసి, మట్టి చదునుచేసి, నాన్న ఇరవై మూడు చెక్కలూ అంకెల ప్రకారం పరిచాడు. ఆ మొత్తం నది లోయలో చెక్క నేల అదొక్కటే. మా పక్కింట్లో టాబిత అని ఇంగ్లండు నుంచి వచ్చినావిడ. నూలు మిల్లులో పనిచేసిన మనిషి, నోరు కత్తెర. మొదటిసారి చూసి, "సిస్టర్ ఓవర్‌గార్డ్, తాగడానికి మంచి నీళ్ళకు గతిలేదు, మీ కాళ్ళకు మాత్రం రాజభోగం" అంది.

మా అమ్మ ఊరుకుంటుందా. వచ్చీరాని ఇంగ్లీషులో, "బూట్లు విప్పి రా, నీక్కూడా ఇస్తా భోగం" అంది.

అలా మొదలై, జూలైలో, మొదటి మనవాళ్ళు సీయోను చేరిన రోజున చేసుకునే పయినీర్ల పండగకు ఊరంతా మా నేల మీదే నాట్యం చేసింది. ఫిడేలు వాయించేవాడు కూడా మేజోళ్ళతోనే. బయట గుమ్మం పక్కన అరవై జతల బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి. మీటింగులు, పిల్లల బడి, ఒక పెళ్ళి, అన్నీ దానిమీదే జరిగాయి. అందరూ వెళ్ళిపోయాక అమ్మ గొణుక్కుంటూ నేల తోముకునేది. కానీ సంతోషంగానే గొణిగేది.

రెండో వేసవిలో జ్వరాలొచ్చాయి. టాబిత కూతురు ఫీబీకి రెండేళ్ళు కూడా లేవు. మా నేల మీదే నడక నేర్చుకుంది. మంగళవారం జ్వరం పట్టుకుంది, శుక్రవారం పొద్దున పోయింది. ఆ ఎండకు మధ్యాహ్నంలోగా మట్టి చెయ్యాలి. పెట్టె చెయ్యడానికి చెక్క లేదు. బళ్ళ తొట్లన్నీ ఎప్పుడో తలుపులూ కప్పులూ అయిపోయాయి. నది ఒడ్డున ఉన్నవన్నీ వంకర ముళ్ళ చెట్లు. టాబిత పిల్లను బొంతలో చుడుతూ ఉంది.

నాన్న అక్కడి నుంచి మా ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. లోపలికి రాలేదు. నోరు తెరిచి అడగనూ లేదు. ఆయన ఎలా అడుగుతాడు? ఆ నేల ఆయన ఇచ్చిన మాట. టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

అమ్మ ఆయన్ని చూసింది. "దేంట్లో చుట్టింది?" అని అడిగింది.

"బొంతలో."

అమ్మ లేచి, మూలనున్న గునపం తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. "తొమ్మిదోది తియ్యి."

"బోడిల్, తలుపు దగ్గరది తీస్తాను. అది వద్దు. అది..."

"అదేంటో నాకు తెలుసు. పదమూడేళ్ళుగా అది ఒక పిల్లకు కావలసిన చెక్క. తియ్యి, ఎండెక్కుతోంది."

నాన్న తీశాడు. కోసే ముందు అమ్మ దాన్ని ఇసుక వేసి తోమి కడిగింది. ఒక్క చెక్కలో పెట్టె మొత్తం వచ్చింది. రెండు పక్కలు, అడుగు, మూత, తలవైపు, కాళ్ళవైపు. పేరున్న ముక్కను ఎటు పెట్టాలని నాన్న అడిగితే, "మూతకు, లోపలివైపు" అంది అమ్మ. ఉలితో పని చేస్తున్నంతసేపూ ఆయన కళ్ళు కారుతూనే ఉన్నాయి. అది రెండోసారి.

పెట్టె తీసుకెళ్ళి ఇచ్చాక టాబిత మూత చూసింది. "ఇక్కడ ఏదో రాసి ఉంది" అంది.

"మా చిన్నమ్మాయి పేరు. తోడుంటుంది" అంది అమ్మ.

టాబిత మా అమ్మను పట్టుకుంది. ఇద్దరూ ఎంతసేపు అలా ఉన్నారో నేను చెప్పలేను.

ఆ సాయంత్రం నాన్న, అమ్మ నేల అంచున కూచున్నారు. పొయ్యి పక్కన అడుగు వెడల్పున ఇసుక కనిపిస్తోంది. అమ్మ ఉన్నట్టుండి అడిగింది. "ఏమయ్యా, నిజం చెప్పు. ఆ రోజు మెలకువగా ఉండి ఉంటే చెయ్యి ఎత్తేవాడివా?"

"లేదు" అన్నాడు. "నీ ముఖం చూస్తూ ఎత్తగలిగేవాణ్ణి కాదు."

"అయితే పడుకుని మంచిపనే చేశావులే" అంది అమ్మ. అని ఆయన భుజానికి తల ఆనించింది. నాలుగు రోజుల మౌనం తర్వాత కూడా తీరకుండా మిగిలిన కోపమేదో ఆ పూట తీరిందని నాకనిపించింది.

తర్వాత ఇంకో ఆరు చెక్కలు లేచాయి. ఎవరూ అడగలేదు. ఎవరింట్లోనైనా ఏడుపు వినిపిస్తే అమ్మే గునపం తీసేది. డెబ్భై ఒకటో సంవత్సరంలో ఆ ఊరు వదిలేసి రమ్మని పెద్దల నుంచి కబురొచ్చింది. పత్తి, ఇళ్ళు, కాలవలు అన్నీ అక్కడే వదిలేశాం. పదహారు చెక్కలు బండిలో వేసుకుని విల్లోబెంచ్‌కు తిరిగొచ్చాం. మేం అమ్మకుండా అప్పగించి వెళ్ళిన రాతి ఇంటికి మోగెన్స్ కప్పు బాగుచేయించి ఉంచాడు. అతని వెనక మూడేళ్ళ పిల్లాడు నిలబడి ఉన్నాడు. వాడి పేరు రాస్ముస్.

నాన్న పదహారు చెక్కలూ పరిచాడు. కొత్తవి ఆరు తెచ్చి ఖాళీలు పూడ్చాడు. ఏడోది చేత్తో పట్టుకుని పొయ్యి దగ్గరకు వెళ్తే అమ్మ అడ్డొచ్చింది. "అది అలాగే ఉండనీ. అక్కడ ఇంకో చెక్క నాకొద్దు" అంది.

అలా ముప్ఫై రెండేళ్ళు మా ఇంట్లో పొయ్యి పక్కన అడుగు వెడల్పు ఖాళీ ఉండిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు అందులో కాలు పెట్టి తూలిపడేవాళ్ళు. మా ఆయన పెళ్ళిచూపులకు వచ్చి పడ్డాడు. నాన్న నవ్వి, "అందరూ అక్కడ పడేవాళ్ళే, కానీ అందరికీ పిల్లనివ్వను" అన్నాడు. నా పిల్లలు, ఐవర్ పిల్లలు నడక నేర్చుకుంటూనే దాన్ని దాటడం నేర్చుకున్నారు. అదేమిటని ఎవరైనా అడిగితే నాన్న, "అది డోర్తె చోటు" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు. చివరి ఏళ్ళలో ఆయన దాని పక్కనే కుర్చీ వేసుకుని, ఎవరో ఒకరి బూటు చెక్కుతూ చెక్కుతూ నిద్రపోయేవాడు. చెక్క పొట్టు ఆ ఖాళీలో పడేది. అమ్మ తిట్టుకుంటూ ఏరేది.

చావు మీటింగు నుంచి ఇంటికొచ్చాక నేను ఆ పెద్దమనిషిని తిట్టడం మొదలుపెట్టాను. "నిండు విశ్వాసమట! నాన్న గురక పెట్టాడని ఒక్కరైనా చెప్పొద్దూ?" అన్నాను.

"పోనీలేవే. పాపం, బాగా చెప్పాలని చెప్పాడు" అంది అమ్మ. గుమ్మంలో వంగి తన బూట్లు తనే విప్పుకుంది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, పట్టుకోబోతే విదిలించుకుంది. మేజోళ్ళతో పొయ్యి దాకా నడిచి, నాన్న కుర్చీ చేత్తో పట్టుకుని ఆ ఖాళీ వైపు చూసింది. తర్వాత తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరే ఐవర్, కోతమిల్లుకు వెళ్ళి మంచి చెక్క ఒకటి తీసుకురా. ఇది పూడ్చెయ్."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "ఇన్నేళ్ళూ వద్దన్నావు కదమ్మా?" అన్నాను.

"ఇన్నేళ్ళూ డోర్తెకు చెప్పేవాళ్ళు లేరు. తన చెక్క ఎవరికిచ్చామో, ఎందుకిచ్చామో అదేం అనుకుంటోందోనని నాకు బెంగ. ఇప్పుడు మీ నాన్న వెళ్ళాడుగా, ఆయన చెబుతాడు" అంది. కుర్చీ మీద ఉన్న చెక్క పొట్టును చేత్తో దులిపి, ఒక్క క్షణం ఆగింది.

"మెలకువగా ఉంటే" అంది.